దుప్పటి రెండో కొస

లాండ్రీలో ఆమెను అందరూ ఆవిరమ్మ అనేవాళ్ళు. ఒకరోజు బాయిలరు చెడిపోయి మిషన్లన్నీ చల్లబడితే సూపర్‌వైజరు వచ్చి తప్పంతా ఆమె మీదకు తోశాడు. ఆమె అతని వైపు తిరిగి, నోరు తెరవకుండా, ముక్కుతో ఒక్కసారి గాలి వదిలింది. ఆ పూట దుప్పట్లన్నీ ఆ వేడికే ఆరిపోయాయట. సూపర్‌వైజరు మీసానికి ఇస్త్రీ పడిపోయిందట. దుప్పట్ల సంగతి ఎలా ఉన్నా, మీసం మాత్రం అప్పటినుంచీ నిటారుగానే ఉంది. కావలిస్తే వెళ్ళి చూసుకోవచ్చు.

ఆ లాండ్రీకి ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ దుప్పట్లు కొండల్లా వచ్చిపడేవి. వాటిని ఇస్త్రీ చేసేది ఒక పెద్ద రోలరు. ఏనుగు పక్కకి తిరిగి పడుకున్నంత ఉంటుంది, లోపలంతా ఆవిరి. దుప్పటి అందించడానికి ఇద్దరు కావాలి. చెరొక కొసా పట్టుకుని, బిగలాగి, అంచు తిన్నగా రోలరు నోటికి ఆనించి, ఇద్దరూ ఒకేసారి వదలాలి. ఒకరు ఆలస్యంగా వదిలారా, దుప్పటి వంకరగా లోపలికి పోతుంది, రెండోవాళ్ళ వేళ్ళకు చుట్టుకుంటుంది.

ఆవిరమ్మకు రెండో కొస పట్టేది ఆమె తోటికోడలు. మరిది పెళ్ళాం. ఇద్దరూ ఏళ్ళ తరబడి ఆ రోలరు ముందు నిలబడి పోట్లాడుకున్నారు. పెళ్ళిలో ఎవరి వాళ్ళు ఎవరిని పలకరించలేదో అక్కడ మొదలుపెట్టి, సాయంత్రానికి తాతల దాకా వెళ్ళేవాళ్ళు. నోళ్ళు పోట్లాడుతుంటే చేతులు మాత్రం ఒక్క మనిషి చేతుల్లా కదిలేవి. దుప్పటి మీద ముడతన్నది ఉండేది కాదు.

ఆవిరమ్మ తాగుడు ఎప్పుడు మొదలైందో ఎవరూ గమనించలేదు. మొదట్లో నడుము నొప్పి అంది. తర్వాత వేడి అంది. ఆ తర్వాత కారణం చెప్పడం మానేసింది. పక్కన నీళ్ళ ఫ్లాస్కు ఉండేది, అందులో నీళ్ళు తప్ప అన్నీ ఉండేవి. లాండ్రీ అంతటికీ తెలుసు. చెప్పడానికి ఎవరికి దమ్ముంది? ఆ ముక్కుకి ఎదురుగా ఎవరు నిలబడతారు?

ఒక మధ్యాహ్నం ఆమె కొస వదలడం ఆలస్యమైంది. దుప్పటి వంకరగా పోయి తోటికోడలి వేళ్ళకు చుట్టుకుని లాక్కుపోయింది. మోచెయ్యి అడ్డకమ్మికి తగిలి మిషను ఆగిపోయింది కాబట్టి సరిపోయింది. వేళ్ళకూ రోలరుకూ మధ్య ఒక గుండీ పట్టేంత సందు మిగిలింది.

"తడి దుప్పటి ఇచ్చారు వెధవలు! పిండకుండా ఇచ్చారు!" అని ఆవిరమ్మ ఉతుకుడు వాళ్ళ మీద ఒంటికాలి మీద లేచింది.

తోటికోడలు ఏమీ అనలేదు. అదే ఆశ్చర్యం. వేళ్ళు విప్పుకుంది, ఫ్లాస్కు మూత తీసి వాసన చూసింది, మోరీలో ఒంపేసింది.

"అక్కా, ఇక నీ రెండో కొస నేను పట్టను" అంది.

"నువ్వు కాకపోతే ఇంకొకత్తి!"

అయితే ఇంకొకతె రాలేదు. అడిగినవాళ్ళందరూ చేతులు వెనక్కి దాచుకున్నారు. సూపర్‌వైజరు మీసం తడుముకుంటూ ఆమెను తువ్వాళ్ళ గదిలో పడేశాడు. కిటికీ లేని గది. తువ్వాలు మడవడానికి ఒక్కరు చాలు. పోట్లాడటానికి గోడలు తప్ప మనిషి లేదు. ఆవిరమ్మ అక్కడ వారం తిరక్కుండానే గోడలతో మాటలు మానేసింది, అవి తిరిగి తిట్టడం లేదని.

చివరికి తోటికోడలి దగ్గరికే వెళ్ళింది. "నన్ను రోలరు దగ్గరికి రానివ్వవా?"

"తాగేవాళ్ళకి మీటింగులుంటాయట. అక్కడికి పో."

"పోతే నమ్ముతావా?"

"నీ మాట నమ్మను. దుప్పటి పట్టుకుని చూస్తా."

ఇది లాండ్రీవాళ్ళకు మాత్రమే తెలిసిన కిటుకు. తడి దుప్పటిని ఇద్దరు బిగలాగి పట్టుకుంటే, ఒక కొసన చెయ్యి ఏమాత్రం వణికినా రెండో కొసన పట్టుకున్నవాళ్ళకి అరచేతిలో తెలిసిపోతుంది. "దుప్పటి కదలకపోతే నేనే సూపర్‌వైజరుతో చెప్తా. కదిలిందా, మళ్ళీ నా ముందుకు రాకు" అంది తోటికోడలు.

అలా మొదలైంది మీటింగు కోసం వెతుకులాట.

ఆవిరమ్మ భర్త వెల్డింగు పని చేసేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. సోడా తాగినా కళ్ళు తిరుగుతాయి, దగ్గు మందు తాగితే గోడ పట్టుకుని నడుస్తాడు. పాపం, ఏళ్ళ తరబడి నిప్పురవ్వల వెలుగులో పనిచేసి కళ్ళు మాత్రం ఎప్పుడూ ఎర్రగా, నీళ్ళు కారుతూ ఉంటాయి. ఒక మోకాలు పట్టేసి నడక కూడా తూలినట్టే ఉంటుంది, చూసినవాళ్ళు తాగేది అతనే అనుకునేవాళ్ళు. ఒంటరిగా వెళ్ళడం ఇష్టంలేక ఆవిరమ్మ అతన్ని వెంటబెట్టుకుంది. అదే ఆమె చేసిన పొరపాటు.

మందుల షాపులో అడిగింది. షాపాయన భర్త కళ్ళవైపు చూసి గొంతు తగ్గించాడు. "ఓర్చుకోవాలమ్మా. ఇల్లాలికే తప్పదు."

"ఎవరికి తప్పదు? మీటింగు ఎక్కడ అని అడిగా!"

"పాపం, విసుగొచ్చేసింది" అన్నాడాయన, పక్కనున్న గిరాకీతో.

ఆసుపత్రిలో నర్సు అయితే ఆమెను అసలు చూడనేలేదు. భర్తనే నిలబెట్టి దులిపేసింది. "చూడ్డానికి పెద్దమనిషిలా ఉన్నావు. సిగ్గు లేదూ? ఆవిడ ముఖం చూడు, ఎలా పీక్కుపోయిందో!"

"ఆవిడ ముఖం ఎప్పుడూ అంతేనండీ" అన్నాడు భర్త మెల్లగా.

"మళ్ళీ ఎదురు మాటొకటి!"

ఆవిరమ్మకు కడుపు మండిపోయింది. ఇన్నేళ్ళు కష్టపడి తాగింది తను. దాచుకుని, దొంగచాటుగా, పరువు పణంగా పెట్టి తాగింది తను. ఆ పేరు కూడా ఈయనకేనా? మంచి పనులకు పేరు ఎలాగూ మగవాళ్ళకే పోతుంది, చెడ్డ పనికి కూడా మిగల్చరా? "ఏమ్మా నర్సూ, ఆడదానికి గొంతు లేదనుకున్నావా? సీసా దిగేది ఇందులోంచే!" అని మెడ చూపించి అరిచింది. నర్సు జాలిగా భుజం తట్టి, "మీరు ముందు కూర్చోండి" అంది. మీటింగు ఎక్కడో మాత్రం చీటీ మీద రాసి భర్త చేతిలో పెట్టింది.

ఆ చోటు పట్టుకోవడం ఇంకో యుద్ధం. బోర్డు లేదు. తాగేవాళ్ళ పరువు పోకూడదని బోర్డు పెట్టరట. ఆ వీధి ఈ చివర నుంచి ఆ చివరకి నాలుగుసార్లు తిరిగారు. తాళాలు బాగుచేసేవాణ్ణి అడిగితే "అదా, సైకిళ్ళ సందులోంచి వెళ్ళండి, మూతబడ్డ డ్యాన్సు స్కూలు" అన్నాడు. అంటే వీధి మొత్తానికి తెలుసు. వచ్చేవాళ్ళకే తెలియదు!

"బోర్డు లేకుండా ఎలా తెలుస్తుందయ్యా? వాసన పట్టి రావాలా?" అంది ఆవిరమ్మ, సైకిలు పెడలు కాలికి గీరుకుంటే.

"పోనీలేవే" అన్నాడు భర్త. అతని జీవితంలో సగం మాటలు అవే.

లోపల ఒక నడవా, ఎదురెదురుగా రెండు తలుపులు. నడవాలో రైలింజను నడిపి రిటైరైన పెద్దాయన నిలబడి ఉన్నాడు. అందరూ డ్రైవరు తాత అనేవాళ్ళు. ఆయన భర్త చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, "రా నాయనా, రా. ఇక్కడిదాకా వచ్చావంటే సగం గెలిచావు" అని ఎడమ తలుపులోకి నడిపించుకుపోయాడు. భర్త "అది కాదండీ" అనేలోపు తలుపు మూసుకుంది. అదే సమయంలో ఒక టీచరమ్మ ఆవిరమ్మ నడుము చుట్టూ చెయ్యివేసి కుడి తలుపులోకి తీసుకుపోయింది. "మన గది ఇది. అది వాళ్ళది."

మన గది అంటే తాగేవాళ్ళ ఇంటివాళ్ళ గది. ఒకప్పుడు డ్యాన్సు పిల్లలు బట్టలు మార్చుకునే గదట, గోడనిండా కొక్కేలు. ఆరేడుగురు ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చున్నారు. ఆవిరమ్మ నోరు తెరవబోయింది.

"కొత్తగా వచ్చినవాళ్ళు మొదట వింటారు. ఒకరు మాట్లాడేటప్పుడు ఇంకొకరు మాట్లాడరు. అదొక్కటే ఇక్కడి నియమం" అంది టీచరమ్మ.

ఆవిరమ్మ లాంటి మనిషిని నోరు మూసుకుని కూర్చోమనడం బాయిలరుకి మూత బిగించడమే. ఆమె కుర్చీ వేడెక్కిందని, పక్కావిడ కొంచెం జరిగిందని తర్వాత చెప్పుకున్నారు.

ఒకావిడ భర్త సీసాకి తాడు కట్టి నీళ్ళ ట్యాంకులో దించుతాడట. 'తాడు పైకి కనబడదూ? తెలివితక్కువవాడు' అనుకుంది ఆవిరమ్మ. ఇంకొకావిడ భర్త బూట్లలో దాస్తాడట. 'బూట్లలోనా? నడిస్తే గలగలమనదూ?' తను ఇంట్లో మడత దుప్పట్ల మధ్య, పైనుంచి మూడో దాని కింద పెట్టేది. ఎవడికీ దొరకలేదు. ఆ గర్వం గొంతు దాకా వచ్చింది, బయటికి చెప్పుకునే వీలులేక మళ్ళీ మింగేసింది.

అప్పుడు మూలన కూర్చున్న ఒక సన్నటావిడ నేల చూస్తూ అంది: "నాకు మెట్ల మీద అడుగుల చప్పుడు చాలు. ఆ పూట మనిషి ఎలా ఉన్నాడో తెలిసిపోతుంది. అందుకే ఆయనొచ్చే వేళకి గుమ్మం దగ్గరే ఏదో పని పెట్టుకుంటా. ఊరికే వింటూ కూర్చున్నానంటే బాగుండదు కదా."

ఆవిరమ్మకు తన ఇంటి గుమ్మం కళ్ళముందు కనిపించింది.

తను పని నుంచి వచ్చే వేళకి భర్త ఎప్పుడూ గుమ్మం దగ్గరే ఉంటాడు. బకెట్ పిడి బాగుచేస్తూ. మంచి బకెట్టు పిడి. పీట కోడు బిగిస్తూ. బిగిసే ఉన్న కోడు. ఈ మనిషికి పిచ్చిగానీ పట్టిందా అని ఎన్నిసార్లు తిట్టింది! విరగని వస్తువుని పట్టుకుని ఎందుకయ్యా ఈ సావాసం అని! అంటే ఇన్నాళ్ళూ ఈయన బకెట్టు బాగుచేయడం లేదు. తన అడుగులు వింటున్నాడు.

ఒక్కమాట అనొచ్చు కదా! తిట్టొచ్చు కదా! తిడితే తను నాలుగు తిట్టేది, అతను రెండు తిట్టేవాడు, ఏదో ఒకటి తేలేది. వింటూ కూర్చుంటాడా? దొంగలా తన చెప్పుల చప్పుడు వింటూ?

ఆమె లేచిన ఊపుకి కుర్చీ కొక్కేనికి తగులుకుందంటారు. నడవా దాటి ఎడమ తలుపు తోసింది.

ఆ గదిలో గోడంతా అద్దాలు. గుండ్రంగా కూర్చున్న మగవాళ్ళు, అద్దంలో మళ్ళీ వాళ్ళే, తాగుబోతుల సంత మొత్తం అక్కడే పెట్టినట్టుంది. మధ్యలో ఆమె భర్త నిలబడి చెమటలు కక్కుతున్నాడు.

"నేను తాగనండీ" అంటున్నాడు.

"మేమూ మొదట్లో అదే అన్నాం నాయనా" అన్నాడు డ్రైవరు తాత ప్రేమగా.

"నిజంగా తాగనండీ. సోడా కూడా పడదు."

"నేను మంచినీళ్ళు కూడా తాగనని చెప్పేవాణ్ణి" అన్నాడు ఒక దర్జీ. అందరూ తలలూపారు. అతను ఎంత కాదంటే వాళ్ళు అంత ఊపుతున్నారు. "కానీ వచ్చావు. అది గొప్ప" అని ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు.

"ఆపండి!" ఆవిరమ్మ గొంతుకి అద్దాలు జలదరించాయి. "ఆయన తాగడు! తాగేది నేను!"

దర్జీ లేచి చేతులు కట్టుకుని ఎంతో మర్యాదగా అన్నాడు: "అమ్మా, మీ బాధ మాకు తెలుసు. మా ఆవిడ కూడా అంతే, నేను తాగి పడిపోతే నిందంతా తన నెత్తిన వేసుకునేది. భర్త పరువు కోసం మీరిలా..."

అంతే. అగ్గి మీద గుగ్గిలం వేసినట్టయింది.

"పరువా? ఈయన పరువు నేను కాపాడానా? ఒరే నాయనా, ఈయన పరువు తీసిందే నేను! ఇన్నేళ్ళూ ఊరంతా ఈయన్ని తాగుబోతు అనుకుంటుంటే నోరు మూసుకుని ఊరుకున్నాను, ఎందుకో తెలుసా? నాకు సుఖంగా ఉంది కాబట్టి! తాగినదాని నోరు ఎలా ఉంటుందో చెప్పనా? పొద్దున లేవగానే నాలుక మీద తుప్పు. గంజినీళ్ళు పుక్కిలిస్తే వాసన పోతుందనుకుంటాం, పోదు. చేతులు వణుకుతుంటే పని చెయ్యలేమని ఒక గుక్క వేస్తాం. గుక్క పడగానే చెయ్యి రాయిలా నిలబడుతుంది. అదిగో, అదే మోసం. రాయిలా నిలబడ్డ చెయ్యికి వదలడం తెలీదు! నా తోటికోడలి వేళ్ళు రోలరులోకి పోతున్నాయి, నేను చూస్తున్నాను, కొస నా చేతిలోనే ఉంది, వదలాలని తెలుసు, వేళ్ళు రావు! దుప్పటి తడిగా ఉందని అరిచాను. దుప్పటి బాగానే ఉంది. చాలా? ఇంకా నా మొగుడే తాగాడంటారా?"

దర్జీ కూర్చున్నాడు. ఆవిరమ్మ నడుం మీద చేతులు వేసుకుని ఎదురుచూసింది. ఒకడు ఛీ అంటాడు, ఒకడు నీతులు చెప్తాడు, అందరికీ జవాబులు సిద్ధంగా ఉన్నాయి. ఏదీ, ఒక్కడూ పెదవి విప్పడే!

"ఏం, మాట్లాడరేం?"

"ఇక్కడ తిరిగి మాట్లాడం అమ్మా" అన్నాడు డ్రైవరు తాత. "విన్నాం."

"వింటే? నేనెవరితో పోట్లాడాలి మరి?"

"వచ్చేవారం వచ్చి పోట్లాడు" అన్నాడాయన. పక్కనున్న కుర్చీ లాగి వేశాడు. ఆమె భర్తను చూసి, "నీకు ఎదురుగదిలో టీ ఇస్తారు నాయనా, మా మీద కోపం పెట్టుకోకు" అన్నాడు.

భర్త వెళ్ళాడు. అరగంట తర్వాత గోడ అవతల నుంచి అతని గొంతు వినబడింది. ఆగి, ఆగి, మళ్ళీ. ఆ మనిషి వరసగా అన్ని మాటలు మాట్లాడటం ఆవిరమ్మ పెళ్ళయిన తర్వాత వినడం ఇదే మొదటిసారి. ఏం చెప్తున్నాడో తెలియక ఒళ్ళు మండిపోయింది. దారిలో అడిగితే, "అక్కడి మాట అక్కడే అన్నారే" అన్నాడు. దాంతో ఇంకా మండింది.

నర్సు దగ్గరికి ఈసారి ఆమె ముందు నడిచింది, భర్త వెనక. డాక్టరు ఆమెనే చూసి, ఒక్కసారిగా మానితే ఒంటికి ప్రమాదమని దగ్గరుండి మాత్రలు ఇప్పించాడు. ఆవిరమ్మ మానేసింది. మానేసి, పళ్ళు బిగించి, తోటికోడలి ముందుకు వెళ్ళి దుప్పటి పట్టుకుంది.

దుప్పటి గాలికి కొట్టుకున్నట్టు వణికిపోయింది.

"తాగావు" అంది తోటికోడలు.

"తాగలేదే!"

"దుప్పటి చెప్తోంది."

తాగినన్నాళ్ళూ రాయిలా ఉన్న చేతులు మానేశాక ఆకుల్లా ఊగుతుంటే ఎవరికి చెప్పుకోవాలి? ఆవిరమ్మ తిన్నగా మీటింగుకి పోయి గది దద్దరిల్లేలా తిట్టింది. డాక్టర్ని, తోటికోడల్ని, మందు కనిపెట్టినవాణ్ణి, బోర్డు పెట్టనివాళ్ళని. వాళ్ళు విన్నారు. దర్జీ తన చెయ్యి చాపి చూపించాడు, సూదిలో దారం ఎక్కించలేక ఏడ్చిన రోజుల్లో ఆ చెయ్యి ఇలాగే ఉండేదని. "తగ్గుతుందా?" అని అడిగింది. "నాకు తగ్గింది" అన్నాడు. ఆ ఒక్క మాటకే ఆమె ఇల్లు చేరింది. లేకపోతే ఆ సాయంత్రం కాళ్ళు వేరే సందులోకి తిరిగేవి.

తర్వాత ప్రతి మీటింగుకీ వెళ్ళింది, పోట్లాడటానికే. బయట బోర్డు పెట్టాలని, దాని మీద ఆడవాళ్ళు కూడా రావచ్చని రాయాలని ఒకటే పేచీ. బోర్డు కుదరదన్నారు. అయితే ఆమే సైకిళ్ళ సందు మొదట్లో బోర్డులా నిలబడటం మొదలుపెట్టింది. ఎవరైనా ఆలుమగలు తడబడుతూ వస్తే ముందు ఇద్దరినీ ఆపి, "మీలో ఎవరు?" అని గట్టిగా అడిగేది. వీధి వీధంతా వినబడేలా. ఇద్దరు ముగ్గురు పారిపోయారు కూడా. డ్రైవరు తాత చేతులెత్తి దండం పెట్టి గొంతు తగ్గించమన్నాడు.

చేతుల వణుకు తగ్గింది. ఒక మధ్యాహ్నం ఆమె మళ్ళీ తోటికోడలి ముందుకెళ్ళింది. సూపర్‌వైజరు కూడా వచ్చి మీసం మెలేస్తూ నిలబడ్డాడు. ఇద్దరూ తడి దుప్పటి బిగలాగారు.

దుప్పటి వణికింది.

"ఇంకా తగ్గలేదు. పో, తువ్వాళ్ళు మడుచుకో" అన్నాడు సూపర్‌వైజరు.

ఆవిరమ్మ ముక్కుపుటాలు ఎగిరాయి. తన బొటనవేళ్ళు చూసుకుంది. మేకుల్లా ఉన్నాయి. వణుకు తన వైపుది కాదు. అవతలి కొస నుంచి వస్తోంది. తలెత్తి చూస్తే, తోటికోడలి కళ్ళు దుప్పటి మీద లేవు. ఆవిరి బుసకొడుతున్న రోలరు నోటి మీద ఉన్నాయి.

ఒక్కమాట చాలు. 'నేను కాదు, ఇది' అంటే చాలు. రోలరు తనది. కానీ తోటికోడలు తువ్వాళ్ళ గదికి పోతుంది. ఆ కోపం ఎంత పైకొచ్చిందంటే, ఆ వేళ లాండ్రీ కిటికీలన్నీ చెమర్చాయంటారు. కోపం ఎవరి మీదో ఆమెకు బాగా తెలుసు. ఆ వణుకు అక్కడ పెట్టింది ఎవరో తెలుసు.

"అవును" అంది సూపర్‌వైజరుతో. "ఇవాళ నా చెయ్యి బాగోలేదు. నువ్వు పో ఇక్కణ్ణుంచి."

అతను వెళ్ళాడు. తోటికోడలు కొస వదల్లేదు.

"అక్కా, అది నువ్వు కాదు."

ఆవిరమ్మ నోట్లో పది మాటలు ఉన్నాయి. పదీ మింగింది. కొస గట్టిగా పట్టుకుని నిలబడింది. తోటికోడలు వేళ్ళు చుట్టుకున్న ఆ రోజు గురించి చెప్పింది. రోలరు ముందు నిలబడితే ఇప్పటికీ వేళ్ళు మొద్దుబారిపోతాయని, ఇంకెవరితోనూ తిన్నగా పట్టలేకపోయానని, ఆవిరమ్మను తిట్టాలనుకుని నోరు రాలేదని చెప్పింది. చెబుతున్నంతసేపూ దుప్పటి కొట్టుకుంటూనే ఉంది. ఆవిరమ్మ అడ్డం రాలేదు.

"ఏం, మాట్లాడవేం?" అంది చివరికి తోటికోడలు, కోపంగా.

"విన్నా" అంది ఆవిరమ్మ.

ఇద్దరూ అలాగే నిలబడ్డారు. దుప్పట్లోంచి నీళ్ళు కారి కాళ్ళ దగ్గర మడుగు కట్టింది. మెల్లగా, మెల్లగా, దుప్పటి బల్లలా నిలిచింది.

"పద" అంది తోటికోడలు.

రోలరు దగ్గరికి నడిచారు. అంచు ఆనించారు. ఆవిరి ముఖాలకు కొట్టింది. తోటికోడలు "ఊఁ" అంది. ఇద్దరూ వదిలారు. దుప్పటి తిన్నగా లోపలికి పోయి, అవతల వేడిగా, తెల్లగా దిగింది.

తోటికోడలు వెళ్ళి దాన్ని ఎత్తి చూసింది.

"నీ వైపు ముడత పడింది."

"నా వైపా? కళ్ళున్నాయా నీకు? అది నీ వైపే! మీ పుట్టింటివాళ్ళందరికీ ఇంతే, ముడత తమది కాదంటారు!"

"మా పుట్టింటివాళ్ళ జోలికి రాకు అక్కా!"

సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చేసరికి రెండో దుప్పటి రోలరులో సగం పోయింది, పోట్లాట తాతల దాకా వచ్చింది. అతను నోరు తెరిచాడు. ఆవిరమ్మ అతని వైపు తిరిగింది. అతను మీసం చేత్తో కప్పుకుని వెనక్కి నడిచాడు.